మనం ఏం చేశామని?

మా రెడ్డిగూడెం వైపు గుడ్ ఫ్రైడే వచ్చేసరికి తోటల్లో కాయ ముదురుతూ ఉంటుంది. కాపలాలు, కోతలు, లారీలు అంటూ ఎవరి హడావిడిలో వాళ్ళుంటారు. అయినా ఆ మధ్యాహ్నం మాత్రం అందరూ చర్చిలోనే. సిలువ మీద యేసు ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురికి పంచుతారు కదా. అందులో రెండో మాట, అంటే పక్క సిలువ మీదున్న దొంగకి పరదైసు వాగ్దానం చేసిన మాట, చాలా ఏళ్ళుగా మా ఎరుకల పేటవాళ్ళకే వస్తోంది. కావాలని ఇస్తున్నారని అనలేం. ఇస్తారు, మావాళ్ళు తీసుకుంటారు, బాగా చెబుతారు కూడా.

హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే మా తమ్ముడొకడు ఓ ఏడాది ఆరాధన అయ్యాక బయటికొచ్చి అడిగాడు: "దేవుడు క్షమిస్తాడు, సరే అన్నా. మనం ఏం చేశామని?"

ఆ ప్రశ్న మీద మా పేట యూత్‌లో చాలా రోజులు మాటలు నడిచాయి. అవే ఇక్కడ రాస్తున్నాం. మన గ్రూపులో ఎరుకల, యానాది, సుగాలి, చెంచు, కోయ పిల్లలు అందరూ ఉన్నారు. అందరూ క్రైస్తవులు కారు. నమ్మకం లేనివాళ్ళు కూడా చదవండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఇది ప్రసంగం కాదు.

ముందు పాత సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఇది ఇంట్లో ఎవరూ చెప్పరు. పెద్దవాళ్ళకి సిగ్గు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదిలో పెట్టారు. 1911లో దాన్ని మార్చి మన మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఆ చట్టం పద్ధతేంటంటే, దొంగతనం చేసినవాణ్ణి పట్టుకోవడం కాదు, ఒక కులాన్ని మొత్తంగా దొంగల కులం అని రాసేసుకోవడం. అప్పుడే పుట్టిన బిడ్డ కూడా ఆ కులం బిడ్డే. పేరు రిజిస్టర్లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, చెప్పిన వేళకి హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి.

అంతకుముందు మనవాళ్ళు ఏం చేసేవాళ్ళు? ఎరుకలవాళ్ళలో ఒక పెద్ద భాగం ఉప్పు వ్యాపారులు. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి పోయేవాళ్ళు, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకల అన్న పేరు అందుకే ఉంది. సర్కారు ఉప్పు మీద పన్ను, అజమాయిషీ పెంచింది, రైళ్ళొచ్చి సరుకు మోసేశాయి. ఆ బతుకు పోయింది. తిరిగే మనిషికి తిరగడానికి కారణం లేకుండా చేసి, ఎందుకు తిరుగుతున్నావు దొంగా అని అడిగారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఇదంతా కాగితాలు తవ్వి రాశారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు డిష్హానర్డ్ బై హిస్టరీ అని వెతికి తప్పకుండా చదవండి.

ఇప్పుడు క్షమాపణ సంగతికి వస్తాం. ఆ చట్టం కింద మనవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. వాటిల్లో బాగా పేరుపడ్డది బాపట్ల దగ్గర స్టువర్టుపురం. మద్రాసు సర్కారులో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. దాన్ని నడపమని ఇచ్చింది ఎవరికి? పోలీసులకి కాదు, సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి. ఆ సైన్యాన్ని మన దేశానికి తెచ్చింది బూత్ టక్కర్ అనే ఆయన. ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని, 1882లో ఇక్కడికొచ్చి, కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరిగి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి. ఆయన భక్తిని మేము అనుమానించడం లేదు. ఆ ఉద్యోగం వదులుకోవడం చిన్న విషయం కాదు. వాళ్ళు మనవాళ్ళకి బడి పెట్టారు, పొలం చూపించారు. మా చుట్టాల్లోనే ఆ బడి వల్ల అక్షరం ముక్క నేర్చుకున్నవాళ్ళున్నారు.

కానీ ఒక్కటి చూడండి. ఆదివారం నీ పాపాలు దేవుడు క్షమించాడు అని చెప్పిన దొరే, సోమవారం రిజిస్టర్ తీసి హాజరు పిలిచాడు. దేవుడి పుస్తకంలో కొట్టేసిన పేరు సర్కారు పుస్తకంలో అలాగే ఉంది. రెండు పుస్తకాలూ ఒకే చేతిలో ఉన్నాయి. మనవాళ్ళని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పంపింది కూడా ఆ చెయ్యే. అప్పటి మన ముత్తవ్వలకి కరుణ అంటే ఏమని అర్థమై ఉంటుందో మేము ఆలోచించాం. నువ్వు పుట్టుకతో దొంగవి, అయినా పోనీలే అని అన్నట్టే కదా?

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని దేశమంతా తీసేశారు. అందుకే ఆ రోజుని విముక్త దినం అంటాం. చట్టం పోయింది, పేరు పోలేదు. 1991లో స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఆ నెలంతా మా తమ్ముణ్ణి హాస్టల్లో టైగర్ అని పిలిచారు. నవ్వుతూనే పిలిచారనుకోండి. వాడి రూమ్‌లో ఎవరి చార్జర్ పోయినా ముందు వాడి బ్యాగు వైపు చూసేవాళ్ళట, నవ్వుతూనే.

సరే, బైబిల్ ఏమంటుంది? మేము కూర్చుని వెతికాం. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి కథ ఉంది. శిష్యులు అడిగిన మొదటి మాటే, పాపం చేసింది వీడా, వీడి అమ్మానాన్నలా అని. ఆ మనిషిని చూడగానే ముందు పాపం ఎవరిదో తేల్చాలనిపించింది వాళ్ళకి. యేసు ప్రభువు రెండూ కాదన్నాడు. అంతే, ఆ లెక్కే తీసి పారేశాడు. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయంలో దేవుడు ఒక సామెతనే వాడొద్దంటాడు. తండ్రులు పుల్లటిది తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న అర్థంలో ఇశ్రాయేలువాళ్ళు వాడే సామెత అది. వాళ్ళది ద్రాక్ష. మా ఊళ్ళో అయితే పచ్చి మామిడికాయ అని ఉండేది. ఎవడి తప్పు వాడిదే, తండ్రిది కొడుక్కి రాదు, కొడుకుది తండ్రికి రాదు అని ఆ అధ్యాయమంతా విడమర్చి ఉంది. 1871 చట్టం రాసినవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఈ పుస్తకమే ఉంది మరి.

ఆ కుడివైపు దొంగ సంగతి కూడా మళ్ళీ చదివాం. లూకా రాసినదాంట్లో అతని కులం లేదు, ఊరు లేదు, తండ్రి పేరు లేదు. నేను చేసినదానికే నాకిది వచ్చింది అని తన తప్పు తనే, తన నోటితో ఒప్పుకున్నాడు. పక్కవాడొచ్చి వీడి జాతే అంత అని చెప్పలేదు. క్షమాపణ అడగాలంటే ముందు నాది అని చెప్పుకునే తప్పు ఒకటి ఉండాలి. అలాంటి తప్పులు మాకూ ఉన్నాయి, లేవనడం లేదు. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాళ్ళు మా పేటలో ఉన్నారు, అన్నదమ్ముల వాటా నొక్కేసినవాళ్ళున్నారు. వాటికి దేవుడి ముందు మోకరించాల్సిందే. చెయ్యని దొంగతనానికి మాత్రం మోకరించలేం.

ఇదంతా పుస్తకాల్లో మాటలాగే ఉండిపోయేది, మోటారు గొడవ జరగకపోతే. మూడేళ్ళ క్రితం మా దగ్గర ఒక తోటలో బోరు మోటారు పోయింది. తెల్లారేసరికి జీపు మా పేటకొచ్చి ముగ్గురు కుర్రాళ్ళని ఎక్కించుకుంది. ఎఫ్‌ఐఆర్ లేదు, కాగితం లేదు. రెండు రాత్రులు ఉంచారు. ఫొటోలు తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. (పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ ఆర్టికల్ చెబుతుంది. ఇది అందరూ నోటికి నేర్చుకోండి, ఆ వేళకి ఫోన్ చేతిలో ఉండనివ్వరు.) మూడో రోజు తేలిందేంటంటే, ఆ ఆసామి బావమరిదే మోటారు కాలిపోతే రివైండింగ్‌కి మైలవరం తీసుకెళ్ళాడు. ఇంట్లో చెప్పలేదు. అంతే.

ఆసామి మా చర్చి మనిషే. ఆ ఆదివారం ఒక సంచీ చిన్న రసాలు పట్టుకుని పేటకొచ్చాడు. "జరిగిందేదో జరిగిపోయిందిరా. దేవుడు అందర్నీ క్షమిస్తాడు" అన్నాడు. అందర్నీ అట!

ఆ ముగ్గురిలో ఒకడి అమ్మ, మేమందరం పెద్దమ్మ అని పిలుస్తాం, ఈత బుట్టలల్లుతూ తలెత్తకుండా అంది: "క్షమించడం నాకొచ్చు అయ్యా. మీరు అడగాలిగా."

ఆయన అడగలేదు. సంచీ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. పండ్లు పిల్లలు తిన్నారు, పండుతో మనకేం గొడవ.

ఆ రాత్రి నుంచి మాలో రెండు పక్షాలు. అడిగినా అడక్కపోయినా క్షమించాలి, డెబ్బై ఏళ్ళ మార్లు అని ప్రభువే చెప్పాడు కదా అని కొందరు. క్షమించడం అనేది ఎప్పుడూ కిందవాడి మీదే ఎందుకు పడుతుంది అని కొందరు. మత్తయి పద్దెనిమిదిలోనే ఆ మాట వెనకే ఒక కథ ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు బయటికొచ్చి, తనకి నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్న కథ. రాజుకి కోపం వచ్చింది మాఫీ పొందిన పెద్ద మనిషి మీద, గొంతు నలిగినవాడి మీద కాదు. మన చర్చిల్లో ఈ కథ గొంతు నలిగినవాళ్ళకే ఎక్కువ చెబుతారేమో అని మా అనుమానం.

మమ్మల్ని ఒక దారికి తెచ్చింది గ్లాడిస్ స్టెయిన్స్ సంగతి. మనలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. ఒడిశాలోని బారిపదలో కుష్ఠు రోగులకి సేవ చేసిన ఆస్ట్రేలియా కుటుంబం వాళ్ళది, ఆదివాసీల మధ్యే ఉండేవాళ్ళు. 1999 జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహమ్‌ని, పదేళ్ళ ఫిలిప్‌ని, ఆరేళ్ళ తిమోతిని వాళ్ళు పడుకున్న బండిలోనే కాల్చేశారు. ఆమె చంపినవాళ్ళని క్షమించానని చెప్పింది. ఎవరూ వచ్చి అడగలేదు. కూతురితో అక్కడే ఉండి 2004 దాకా రోగుల పని చూసింది. ఆమె క్షమించిందని కేసు ఆగలేదు, ఆపమని ఆమె అడగలేదు. దారా సింగ్‌కి 2003లో కింది కోర్టు ఉరి వేసింది, 2005లో హైకోర్టు యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. క్షమాపణ ఆమెది, తీర్పు కోర్టుది. ఆమె ఒకదాన్ని తీసుకెళ్ళి రెండోదానికి అడ్డం పెట్టలేదు.

అలాగే జక్కయ్య. మేడిచెట్టెక్కిన పొట్టి సుంకరి. యేసు ప్రభువు అతని ఇంటికి భోజనానికి వెళ్ళింది అతను ఏమీ తిరిగివ్వకముందే. కరుణ ముందే వచ్చింది, అది నిజం. కానీ ఆ కరుణ ఇంట్లోకి వచ్చాక జక్కయ్య కుర్చీలో కూర్చోలేకపోయాడు. లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మా ఆసామి సంచీ పండ్లు నాలుగింతలు కావు. పండ్లతో తీరే బాకీ కూడా కాదది. పోలీసుల దగ్గరికి వెళ్ళి, ఈ పిల్లల తప్పేమీ లేదు, ఫొటోలు తీసెయ్యండి అని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఇంతకీ పెద్దమ్మ ఏం చేస్తోందంటే, ప్రతి బుధవారం గృహకూటంలో ఆ ఆసామి పేరు పెట్టి ప్రార్థన చేస్తుంది. ఆయన మోకాళ్ళ నొప్పి గురించి, పెళ్ళి కాని కూతురి గురించి. మేము విన్నాం, నటన కాదది. కోతల కాలం వస్తే మాత్రం ఆయన తోటకి పనికి వెళ్ళదు, బుట్టలు ఆయనకి అమ్మదు. ప్లాస్టిక్ ట్రేలొచ్చాక బుట్టల బేరాలే తగ్గిపోయాయి, అయినా అమ్మదు. అడిగితే, "ప్రార్థన దేవుడి దగ్గరికి పోద్ది, బుట్ట ఆయన దగ్గరికి పోద్ది. రెండూ ఒకటేనేంట్రా?" అంటుంది. మాలో చదువుకున్నవాళ్ళెవరూ ఇంత కుదురుగా చెప్పలేకపోయారు.

ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు. సెలెక్ట్ అయితే వాడి గురించి వాకబు చేస్తారు, ఆ ఫొటోలు ఏ ఫైల్లో ఉన్నాయో మరి. అందుకే ఫొటోలు, వేలిముద్రలు తీసెయ్యమని మేమే దరఖాస్తు రాసి ఇచ్చాం. రసీదు మీద స్టాంపు వేయించుకున్నాం. దాని జిరాక్సు పెద్దమ్మ బైబిల్లో ఉంది. జవాబు ఇంకా రాలేదు.