పసీనా ఆరకముందే



2024 రంజాన్. మా బొల్లాపల్లిలో మిరప కోతలు ఆఖరికొచ్చాయి. అమ్మీ సహరీ చేసి, ఫజర్ నమాజ్ చదువుకుని, ముఠా వాళ్ళతో ఆటో ఎక్కేది. రోజాతోనే ఎండలో కాయ కోసేది. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట పోయేది కాదు. ఇఫ్తార్‌కి ఖజూర్ నోట్లో పెట్టుకుంటే పెదాలు మండేవి.

ఈద్‌కి నాలుగు రోజుల ముందు నరసరావుపేట నుంచి ఊరెళ్ళాను. పన్నెండు రోజుల మజ్దూరీ ఇంకా రాలేదట.

"కాయ గుంటూరు యార్డుకి పోయొచ్చాక ఇస్తానన్నాడు" అంది.

"గట్టిగా అడగొచ్చుగా అమ్మీ?"

"ఆయనదీ కౌలు పొలమే బేటా. పురుగుమందుల కొట్లో బాకీ ఉంది. నేనొక్కదాన్నే అడిగితే వచ్చే ఏడు నన్ను పిలవరు."

నాకు గుస్సా వచ్చింది. చదువుకున్నవాణ్ణి కదా, చట్టాలు చెప్పడం మొదలుపెట్టాను. 1948 కనీస వేతనాల చట్టంలోనే వ్యవసాయ కూలీలు ఉన్నారన్నాను. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే కూలి అని 1976లో ఇంకో చట్టం వచ్చిందన్నాను. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది, పదిహేను రోజుల్లో డబ్బు పడాలని అందులో రాసుందన్నాను.

అమ్మీ నవ్వి తన వేళ్ళు చూపించింది. పోయిన ఎండాకాలం ఉపాధి డబ్బు ఖాతాలో పడింది. కానీ మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలేదు. మట్టికీ పనికీ గీతలు అరిగిపోయాయి. మూడుసార్లు తిరిగాక గానీ చేతికి రాలేదు. ఇక మిరప చేలో మస్టరే ఉండదు. మేస్త్రి నోటుబుక్కులో పేరు పక్కన గీసే గీతలే హిసాబ్. ఆ బుక్కు పోతే సాక్ష్యం ఏది?

1930లలో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య కూలీలకు సంఘం కట్టింది ఇందుకే. ఒక్కరు అడిగితే పని పోతుంది, ఊరంతా అడిగితే పోదు. ఆ మాటే చెప్పాను. అమ్మీ ఊఁ కొట్టి, నెమ్మదిగా అడిగింది.

"మీ ఇంట్లో గిన్నెలు తోమే ఖాలాకి ఈ నెల జీతం ఇచ్చావా?"

నా నోరు పడిపోయింది. ఇవ్వలేదు. ఆమె కోసం జకాత్ డబ్బు మాత్రం కవర్లో పెట్టి ఉంచాను, ఈద్ ముందు ఇచ్చి దువా తీసుకుందామని.

కూలివాడి పసీనా ఆరకముందే మజ్దూరీ ఇచ్చేయమన్న హుజూర్ మాట బయాన్లలో ఎన్నిసార్లు విన్నాను! కౌలు రైతుకి కనీసం బాకీలున్నాయి. నాకు ఏ మజ్బూరీ ఉంది? జకాత్ పేదవాళ్ళ హఖ్. మజ్దూరీ పని చేసిన మనిషి హఖ్. ఒకటిచ్చి రెండోది మాఫీ చేసుకోలేం. జీతం ఆపి జకాత్ ఇస్తే, ఆమె హఖ్‌నే మన మెహర్బానీగా మార్చేసినట్టు.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, పొద్దున్నే ఖాలా జీతం ఇచ్చేయమన్నాను. కవరు వేరుగా ఇమ్మన్నాను.

మర్నాడు అమ్మీ ముఠాలోని పదకొండు మందీ కలిసి రైతు దగ్గరికి వెళ్ళారు. కొట్లాట ఏమీ లేదు. ఈద్‌కి సగం ఇచ్చాడు, మిగతాది కాయ అమ్మాక ఇచ్చాడు. వచ్చే ఏడు పిలవనని ఎవరితోనూ అనలేదు.

ఈ రంజాన్‌లో జకాత్ హిసాబ్ వేసే ముందు, మన ఇంట్లో, దుకాణంలో, పొలంలో ఎవరి మజ్దూరీ ఆగి ఉందో ఒకసారి చూసుకుందాం.