మరొకరు మొదలుపెట్టిన కథ

పాతికేళ్ళకు పైగా ప్రాచీన కావ్యాలు బోధిస్తున్న నాకు ఒక పెద్ద పాఠం నేర్పినది అమెరికా దేశపు బొమ్మల కథ అని చెబితే నా తోటి అధ్యాపకులు నవ్వుతారు. నవ్వినా సరే, ఉన్నమాట చెప్పడమే మంచిది.

మా గురువుగారు తెనాలి రామకృష్ణకవి రచించిన పాండురంగ మాహాత్మ్యానికి వ్యాఖ్యానం రాయడం మొదలుపెట్టారు. నిగమశర్మ కథ నడుస్తూ ఉండగా కాలం చేశారు. కర్మకాండ ముగిసిన తరువాత గురుపత్ని ఒక కాగితాల కట్టను నా చేతిలో పెట్టి, "నాయనా! ఆయన చేతిరాత చదవగలిగేది నువ్వొక్కడివే. ఇది నువ్వే పూర్తిచెయ్యాలి" అన్నారు. తల ఊపి తీసుకొన్నాను. ఆ కట్ట తొమ్మిదేళ్ళు మా ఇంటి బీరువాలోనే ఉండిపోయింది.

అది సోమరితనం కాదు, భయం. గురువుగారి శైలిని అనుకరిస్తే ప్రాణంలేని రాత అవుతుంది. నా ధోరణిలో రాస్తే పాత పంచెకు వేసిన కొత్త మాసికలా ఉంటుంది. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. నిగమశర్మ అక్కను గురువుగారు కేవలం హాస్యపాత్రగా చూశారు. దారి తప్పిన తమ్మునికి బుద్ధి చెప్పడానికి పుట్టింటికి వచ్చి, అతడు రాత్రికి రాత్రే ఇల్లు దోచుకొని పోతే విలపించిన ఆ ఇల్లాలు నాకు నవ్వు పుట్టించలేదు. గురువుగారు నవ్విన చోట నాకు దుఃఖం కనబడింది. ఆయన ప్రారంభించిన గ్రంథంలోనే ఆయనను కాదనడమా? లేక నాకు తోచినది నాలోనే దాచుకోవడమా? ఈ ఊగిసలాటలో తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఒకనాడు తరగతిలో పద్యం వివరిస్తూ ఉండగా, చివరి బెంచీ మీద కూర్చున్న విద్యార్థి ఒకడు ఒళ్ళో పుస్తకం పెట్టుకొని చదువుతూ కనబడ్డాడు. తీసుకొని చూస్తే ఆంగ్లంలో ఉన్న బొమ్మల పుస్తకం. పేరు 'స్వాంప్ థింగ్', అంటే చిత్తడినేల జీవి. కోపంతో దానిని బల్ల సొరుగులో పడవేశాను. సాయంత్రం ఆ అబ్బాయి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"తప్పయిపోయింది సార్. పుస్తకం మా అన్నయ్యది. రేపు ఇచ్చినా ఫరవాలేదు. ఈలోగా మీరూ ఒకసారి చదవండి సార్. ఒకరు మొదలుపెట్టిన కథను ఇంకొకరు అందుకొని రాసిన పుస్తకం ఇది" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పట్టుకొన్నది. ఆ రాత్రి పుస్తకం తెరిచాను. ఆ తరువాత దానికి సంబంధించిన విషయాలు మరికొన్ని తెలుసుకొన్నాను.

మన కావ్యాలకు సాధారణంగా కర్త ఒక్కడే ఉంటాడు. అమెరికా దేశంలో నెలనెలా వెలువడే వీరుల బొమ్మల కథల తీరు వేరు. అక్కడ పాత్ర మీది హక్కు చాలావరకు ప్రచురణ సంస్థకే ఉంటుంది. రచయితలు వస్తారు, వెళతారు. పాత్ర మాత్రం కొనసాగుతుంది. 1938లో పుట్టిన సూపర్‌మాన్ కథలను, 1939లో పుట్టిన బ్యాట్‌మాన్ కథలను ఎందరో రచయితలు చేతులు మార్చుకొంటూ రాశారు. కొత్తగా వచ్చిన రచయితకు ఆ పాత్ర పిత్రార్జితం వంటిది. ఆస్తితో పాటు అప్పులు కూడా వస్తాయి. పాత పాఠకుల అభిమానం ఆస్తి. వెనుకటివారు తెంచకుండా వదిలిన చిక్కుముడులు అప్పులు.

స్వాంప్ థింగ్ సూపర్‌మాన్ వలె ఆకాశంలో ఎగిరే వీరుడు కాడు గాని ఆ లోకానికి చెందినవాడే. రచయిత లెన్ వీన్, చిత్రకారుడు బెర్నీ రైట్‌సన్ కలిసి 1971లో ఒక చిన్న కథగా అతనిని సృష్టించారు. 1972లో కథను మార్చి, అతని పేరుతోనే ఒక పత్రిక ప్రారంభించారు. ఆలెక్ హాలండ్ అనే శాస్త్రవేత్త లూసియానా రాష్ట్రంలోని చిత్తడినేలల నడుమ మొక్కల ఎదుగుదలకు తోడ్పడే రసాయనాన్ని తయారుచేస్తూ ఉంటాడు. దుర్మార్గులు పెట్టిన బాంబు పేలి, ఒళ్ళంతా మంటలతో బురదనీటిలో పడతాడు. అందులోనుంచి ఆకులతో, వేళ్ళతో, నాచుతో నిండిన వికృతాకారం ఒకటి లేస్తుంది. తిరిగి మనిషి కావాలన్నదే దాని ఆరాటం. ఆ పత్రిక 1976లో ఆగిపోయింది. 1982లో ఆ పాత్రతో సినిమా వచ్చినప్పుడు పత్రికను పునఃప్రారంభించారు. మార్టిన్ పాస్కో ప్రధాన రచయితగా కొంతకాలం నడిచింది గాని అమ్మకాలు క్షీణించి, మూతపడే స్థితికి చేరింది.

అప్పుడు దానికి సంపాదకుడు లెన్ వీనే. 1983లో ఆయన ఇంగ్లండులోని నార్తాంప్టన్ పట్టణంలో ఉన్న ఆలన్ మూర్ అనే రచయితకు ఫోన్ చేసి, ఆ పత్రికను చేపట్టమని కోరాడు. ముప్పై ఏళ్ళయినా నిండని మూర్, ఎవరో స్నేహితుడు వేళాకోళం చేస్తున్నాడని మొదట అనుకొన్నాడట.

మూర్ రాసిన మొదటి కథ 1984 జనవరి నాటి 20వ సంచికలో వచ్చింది. ముడివేయని కొసలు అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టాడు. పేరుకు తగినట్లే, వెనుకటి రచయిత వదిలిన కథాంశాలను అందులో ఒక్కొక్కటిగా ముడివేశాడు. చివరకు కథానాయకుడు తుపాకి గుండ్లకు నేలకూలుతాడు. తరువాతి సంచికలో ఆ శరీరాన్ని ఒక శాస్త్రజ్ఞుడు కోసి పరీక్షిస్తాడు. లోపల ఊపిరితిత్తుల వంటివి ఉన్నాయి, కాని అవి ఊపిరి పీల్చవు. గుండె వంటిది ఉంది, అది కొట్టుకోదు. మెదడు వంటిది ఉంది, అది ఆలోచించదు. అన్నీ మనిషి అవయవాలను అనుకరించిన మొక్కల అల్లికలే. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆలెక్ హాలండ్ ఆనాడే మరణించాడు. అతని జ్ఞాపకాలను పీల్చుకొన్న చిత్తడినేల మొక్కలు తామే హాలండ్ అనుకొని, మనిషి రూపం అల్లుకొని లేచాయి. మొక్కగా మారిన మనిషి కథ, మనిషిననుకొన్న మొక్క కథ అయింది!

ఆ పుట దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తిరిగి మనిషి కావాలన్న ఆశతో అన్నేళ్ళు తిరిగిన జీవికి, తాను ఎన్నడూ మనిషి కాదని తెలియడం ఎంతటి విషాదం! అయితే నన్ను ఆలోచింపజేసినది ఆ విషాదం ఒక్కటే కాదు. మూర్ వెనుకటి కథలలో ఒక్క సంఘటననైనా తుడిచివేయలేదు. బాంబు పేలింది నిజమే, మంటలు నిజమే, బురదలోనుంచి జీవి లేచిందీ నిజమే. ఆ సంఘటనలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. వాటి అర్థం మాత్రం మారింది. పూర్వరచయితను అంత శ్రద్ధగా చదివినవానికే అటువంటి మార్పు సాధ్యం.

మరొక గొప్పదనం లెన్ వీన్‌ది. తాను పుట్టించిన పాత్రకు మూలమైన ఊహనే ఒక కొత్త రచయిత తలకిందులు చేస్తూ ఉంటే, ఆ సంచికకు సంపాదకుడుగా ఉన్నది ఆయనే. చేపట్టడానికి ఎంత ధైర్యం కావాలో, విడిచిపెట్టడానికి అంతకంటె ఎక్కువ ఔదార్యం కావాలి.

మూర్ కూడా ఆ ఋణాన్ని మరచిపోలేదు. 1984లోనే వచ్చిన 28వ సంచికలో చిత్తడినేల జీవి నీటి అడుగునుంచి ఆలెక్ హాలండ్ ఎముకలను వెలికితీసి, వాటిని మన్నులో పూడ్చిపెడుతుంది. 1985 నాటి 33వ సంచికలో, తరువాతి కథతో పొసగక పక్కన పడిపోయిన 1971 నాటి తొలి కథకు కూడా చోటు కల్పించాడు. అటువంటి జీవులు అంతకు ముందు కూడా పుట్టాయని చెప్పి, వీన్, రైట్‌సన్‌ల ఆనాటి పుటలనే తన కథ నడుమ నిలిపాడు. 1987లో 64వ సంచికతో తాను తప్పుకొన్నప్పుడు, ఆ పత్రికకు బొమ్మలు వేసిన రిక్ వీచ్ రచనాభారం అందుకొన్నాడు.

ఇదంతా చదివినప్పుడు నాకు ఎర్రన గుర్తుకు రావడం సహజం. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకొన్నాడు. మిగిలిన ఖాళీని 14వ శతాబ్దిలో ఎర్రన పూరించాడు. తనకు ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయం ఉన్నా, ఆ భాగాన్ని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరుతోనే నడిపాడు. నన్నయ పోకడతో ఆరంభించి, క్రమంగా తిక్కన పోకడలోకి ప్రవేశించాడని విమర్శకులు చెబుతారు. మూర్ తిరగవేసినట్లు ఎర్రన తిరగవేయలేదు. ఇద్దరి దారులూ వేరు. కాని వెనుకటివానిని పూర్తిగా చదివిన తరువాతనే కలం పట్టడం ఇద్దరికీ సమానం. ఈ మాట ఎన్ని తరగతులలో చెప్పి ఉంటానో! బీరువాలో ఉన్న కట్టకు మాత్రం ఎన్నడూ అన్వయించుకోలేదు.

మరునాడే కట్ట విప్పాను. గురువుగారి వాక్యం ఒక్కటి కూడా మార్చలేదు. నిగమశర్మ అక్క హాస్యపాత్ర అన్న ఆయన మాటను అలాగే ఉంచి, దాని దిగువనుంచి నా వ్యాఖ్య ప్రారంభించాను. కవి మనలను నవ్వించిన మాట నిజమే, ఆ నవ్వు చాటున ఏమున్నదో చూద్దామని రాశాను. వ్యాఖ్యానం పూర్తికావడానికి రెండేళ్ళు పట్టింది.

రాతప్రతి తీసుకొనివెళ్ళి, ఆ భాగాన్ని గురుపత్నికి చదివి వినిపించాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. నా గుండె దడదడలాడింది.

"ఆయన ఉండి ఉంటే ఈ చోట నీతో పోట్లాడేవారు నాయనా! అయినా ఒక్క కాగితం కూడా తీసివేయనిచ్చేవారు కారు" అన్నారామె.

బొమ్మల పుస్తకాన్ని ఆ అబ్బాయికి ఎప్పుడో తిరిగి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు, తరగతిలో మాత్రం చదవవద్దని గట్టిగానే చెప్పాను. తరువాతి భాగం ఉంటే తెచ్చిపెట్టమని కూడా చెప్పాను.