ఒకే ప్రశ్న వెంట

తూర్పు కనుమలలో కాఫీ తోట వేయదలచిన గిరిజన రైతు మొదట కాఫీ మొక్కను నాటడు. ముందుగా సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లను పెంచుతాడు. నీడ ఏర్పడిన పిదప కాఫీ మొక్కలు వేస్తాడు. తొలి కాపుకు మరి మూడు నాలుగు సంవత్సరాలు ఓపిక పట్టవలసి ఉంటుంది. అంతవరకు ఇల్లు గడవడానికి సంప్రదాయ పంటలు, అటవీ ఫలసాయం ఉండనే ఉన్నాయి. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు పత్రికలు దాని రుచిని కొనియాడాయి. ఆ రుచి వెనుక ఎన్ని సంవత్సరాల నిరీక్షణ ఉన్నదో ఆ కొండవాలు పల్లెలకే తెలుసు.

అటువంటి పల్లెలో పుట్టిన అమ్మాయి ఆశ్రమ పాఠశాలలో అక్షరాలు దిద్ది, ఇంజనీరింగు పూర్తిచేసి, విశాఖపట్నం రుషికొండలోనో హైదరాబాదులోనో ఐ.టి. ఉద్యోగంలో చేరిందనుకుందాం. అక్కడ ఆమె చెవిన పడే మాటలు వేరు. నేర్చుకున్న సాధనం రెండేళ్ళకే పాతబడుతుందంటారు. అయిదారేళ్ళకు మేనేజరు కాకపోతే వెనుకబడినట్లే అంటారు. ఇంటివద్ద తల్లిదండ్రులకు ఆమె చేసే పని పేరు తెలియదు. నెలనెలా వచ్చే సొమ్ము తెలుసు. తమ్ముడి చదువు దానిమీదే ఆధారపడి ఉన్నది. ఇరవై సంవత్సరాల తరువాత కూడా సాంకేతిక నిపుణురాలిగానే గౌరవంగా బ్రతకగలనా అన్న ప్రశ్న ఆమెకు వినోదం కాదు, జీవన్మరణ సమస్య.

తెలుగునాట ఈ ప్రశ్న కొత్తది కాదు. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే వ్రాసేవారు. 2000 సంవత్సరం వస్తే యంత్రం దానిని 1900గా భ్రమించే ప్రమాదం ఏర్పడింది. ఆ లోపాన్ని సరిదిద్దడానికి 1990ల చివర తెలుగు యువకులెందరో కోబాల్ నేర్చుకొని అమెరికా వెళ్ళారు. అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలు కిక్కిరిసిపోయాయి. గడువు ముగిసింది, వెంటనే అంతర్జాల వ్యాపార సంస్థలు కుప్పకూలాయి, 2001 నాటికి పలువురి ఉద్యోగాలు పోయాయి. కోబాల్‌లోని వాక్యాలను మాత్రమే కంఠస్థం చేసినవారికి దారి మూసుకుపోయింది. ఆ వాక్యాల చాటున బ్యాంకు ఖాతా ఎలా నడుస్తుందో, లెక్క ఎక్కడ తప్పితే ఎక్కడ తేలుతుందో గ్రహించినవారు మరో భాషకు మారగలిగారు. అందరి విషయంలోనూ ఇలాగే జరిగిందని కాదు. అదృష్టం పాత్రను తక్కువ చేయడం న్యాయం కాదు.

దీర్ఘకాల సాంకేతిక జీవితానికి తెలుగువారిలో సాటిలేని ఉదాహరణ దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకం ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించారు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టం పొందారు. ఆ పట్టం సివిల్ ఇంజనీరింగుకు సంబంధించినది కావడం విశేషం. ఆస్ట్రేలియాలో ఎం.టెక్. ముగించి, అక్కడే ఐ.బి.యం. సంస్థలో కొంతకాలం పనిచేసి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు అందుకున్నారు. మనిషి మాట్లాడే మాటను యంత్రం గ్రహించగలదా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు నాడు మర్యాద తక్కువ. బెల్ ప్రయోగశాలల ప్రముఖుడు జాన్ పియర్స్ 1969లో ఈ పరిశోధన తీరునే తీవ్రంగా విమర్శించారు. సరిగ్గా అదే సంవత్సరం రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరి అదే పని కొనసాగించారు. 1970లలో ఆయన బృందం హియర్‌సే అనే వ్యవస్థను నిర్మించింది. 1976 నాటికి హార్పీ అనే వ్యవస్థ వేయికి పైచిలుకు పదాలను గుర్తించింది. 1980ల చివర ఆయన శిష్యుడు కైఫూ లీ రూపొందించిన స్ఫింక్స్, ముందుగా ఒక్కొక్కరి గొంతుకు అలవాటుపడకుండానే ధారాళమైన మాటను పోల్చుకోగలిగింది. యంత్రాలు మారాయి, పద్ధతులు మారాయి, గురువుల స్థానంలో శిష్యులు వచ్చారు, ప్రశ్న మారలేదు. 1979లో రోబోటిక్స్ సంస్థకు ప్రథమ సంచాలకుడైనా, 1991లో డీన్ పదవి చేపట్టినా ఆయన ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం స్వీకరించారు.

పరిశోధనకు వసతులు, నిధులు దొరికిన వ్యక్తి జీవితాన్ని నెలజీతంతో ఇల్లు నడిపే అమ్మాయికి చూపడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసినదే. ఆయన ఆ భేదాన్ని ఎరుగనివారు కారు. గ్రామీణ విద్యార్థులకు పదవ తరగతి తరువాత ఆరేళ్ళ సాంకేతిక విద్యను అందించడానికి 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ స్థాపనకు తోడ్పడి, దానికి తొలి కులపతి అయ్యారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలలో మొదలైన ఆ చదువు 2016లో శ్రీకాకుళానికీ విస్తరించింది.

కొండలలో ఇంకొక ఉదాహరణ ఉన్నది. దానికి కంప్యూటరుతో పని లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాషను వారినుండే నేర్చుకున్నారు. దశాబ్దాల కృషి ఫలితంగా 1931లో సవర భాషా గ్రంథం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేక లిపిని కల్పించారు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. సవర లిపి 2012 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

అక్షరానికి సంకేతసంఖ్య దొరికినంత మాత్రాన పని పూర్తి కాదు. యంత్రం ఒక భాషను వినాలంటే ఎందరో వృద్ధుల, స్త్రీల, పిల్లల మాటలను ధ్వనిముద్రణ చేయాలి. వాటిని శ్రద్ధగా వ్రాయాలి. ఏ ఊరి యాస ఏదో తెలియాలి. లిపి ఏదో నిర్ణయించుకోవాలి. తప్పులు దిద్దుతూ పోవాలి. ఇది ఒక ప్రాజెక్టు గడువులో ముగిసేది కాదు. పదవి పెరిగిందని మరొకరికి అప్పగించేదీ కాదు. కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒరియా భాషలకు ఈ పని చేయగలవారు ఆ భాషలనూ కంప్యూటరునూ ఒక్కతీరుగా ఎరిగినవారే. అటువంటివారు కొద్దిమంది. అరకు వారపు సంతలో పసుపు అమ్మే కువి ముదుసలి ఫోనులో తన భాషలో ధర అడిగితే, యంత్రం వినవలసిన మాట ఏదో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న ఆమె మనుమరాలికి తెలుసు.