ఎక్కడ వంగాలి?

జీపుకి ముందు బంపర్ సొంతంగా చేసుకున్నానని చెప్తే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, “కొనుక్కోవచ్చుగా?” అని. కొనుక్కోవచ్చు. పెట్టె విప్పి, బోల్టులు బిగిస్తే మధ్యాహ్నం భోజనం వేళకి పని అయిపోతుంది. రెండో ప్రశ్న మా ఆవిడ ఒక్కతే అడిగింది. “అంత ఇనుము ముందు పెట్టుకుని తిరిగితే, అవతలివాళ్ళ సంగతేంటి?” మొదటి ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా జవాబుంది: చేతులతో ఏదన్నా చెయ్యాలని ఉంది. రెండోదానికి జవాబు వెతకడానికి నాలుగు నెలల శని ఆదివారాలు పట్టింది. చివరికి బంపర్ ఆకారాన్ని నిర్ణయించింది కూడా ఆ ప్రశ్నే.

బండి 1999 నాటి జీప్ చెరొకీ. అమెరికాలో 1984 నుంచి 2001 దాకా దాదాపు ఇదే డబ్బా ఆకారంలో అమ్మారు. మేముండేది డెన్వర్ శివార్లలో. పడమటికి వెళితే 19వ శతాబ్దంలో గనుల కోసం వేసిన కొండదారులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మస్కీటో పాస్ 13,185 అడుగుల ఎత్తులో ఉంటుంది. అలాంటి దారుల్లో కంపెనీవాళ్ళు ఇచ్చిన బంపర్ రెండు రకాలుగా అడ్డం. ఒకటి, టైరు రాయిని అందుకునేలోపే బంపర్ మూల అందుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. బండి ఇరుక్కుంటే ఎవరో ఒకరు తాడు కట్టి లాగాలి. ఆ తాడు కట్టడానికి ముందువైపు ఓ గట్టి చోటు ఉండాలి. ఇనుప బంపర్ అనగానే అందరికీ గుద్దడం గుర్తొస్తుంది గానీ, కొండదారిలో దాని అసలు పని లాగించుకోవడం.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. కాగితం మీద గీసిన బొమ్మ ఫోటో తీసి ఆయనకి పంపాను. రాత్రికి ఫోన్ చేశాడు.

“బొమ్మ బానే ఉందిరా. అది వెనకాల దేన్ని పట్టుకునుందో అది గీసి పంపు.”

లారీకయితే కింద ఛాసీ ఉంటుంది, రెండు పొడుగాటి ఛానళ్ళు. దానికి ఏం బిగించినా ఆగుతుంది. చెరొకీకి విడిగా ఛాసీ లేదు. ఉక్కు రేకుని పెట్టెలా మడిచి బాడీకే అతికించిన రెండు పట్టాలు మాత్రం ఉంటాయి. ఆ సంగతి చెప్తే బాబాయి కాసేపు ఆగి, “అయితే నువ్వు రేకుడబ్బాకి గడ్డపార కడతన్నావన్నమాట,” అన్నాడు.

ఆ మాటతో బొమ్మ చింపేసి మళ్ళీ వెనకనించి గీయడం మొదలుపెట్టాను. తాడు లాగినప్పుడు ఆ బలం ఎక్కడ మొదలై, దేని గుండా పోయి, ఎక్కడ ఆగుతుంది? కొక్కెం నించి బంపర్‌కి, బంపర్ నించి బ్రాకెట్లకి, అక్కణ్ణించి బోల్టులకి, చివరికి ఆ పల్చటి పట్టాలకి. పట్టా మూతి దగ్గర నాలుగు బోల్టులతో వదిలేస్తే బలమంతా అక్కడే పడి రేకు చిరుగుతుంది. అందుకని పావు అంగుళం ప్లేటుతో పొడుగాటి బ్రాకెట్లు చేసి, పట్టాల పక్కగా వెనక్కి సాగదీసి, డ్రైవరు వైపు స్టీరింగ్ బాక్స్ బిగించే బోల్టుల దాకా తీసుకెళ్ళాను. భారం నాలుగు చోట్ల బదులు పది చోట్ల పంచుకుంటుంది. బోల్టులు గ్రేడ్ 8వి; తల మీద ఆరు గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, అంతకన్నా మెత్తనివి.

ఇనుము కొనకముందు మొత్తం బంపర్‌ని అట్టముక్కలతో చేశాం. మా అమ్మాయికి పదహారో ఏడు వస్తోంది. లైసెన్సు రాగానే ఆ జీపు తనదేనని ఇంట్లో ఎప్పుడో ప్రకటించేసింది. అట్టలు కోసి టేపుతో అతికించే పని తనే తీసుకుంది. హెడ్‌లైటుకి అడ్డమొస్తోందని ఓసారి, రేడియేటర్‌కి గాలి ఆగుతోందని ఓసారి, మూడుసార్లు చింపి మళ్ళీ చేసింది. అట్టని చింపితే నష్టమేం లేదు. ఇనుముతో ఆ వెసులుబాటుండదు.

ముందు ముఖానికి 3/16 అంగుళం మందం ప్లేటు వాడాం. అది చదరపు అడుగుకి ఏడున్నర పౌండ్ల పైన తూగుతుంది. పావు అంగుళమైతే పది దాటుతుంది. మందం పెంచుతూ పోతే ముందు స్ప్రింగులు కుంగుతాయి, బండి ముక్కు కిందికి దిగుతుంది. అందుకే మందం కన్నా మడతని నమ్మాం. అడ్డంగా పెట్టిన రేకు సులువుగా వంగుతుంది, అదే రేకుని పెట్టెలా మూసేస్తే వంగదు. గుమ్మానికి వేసే గ్రిల్లు చేసేవాళ్ళెవరిని అడిగినా ఈ సంగతి చెప్తారు.

వెల్డింగ్ మెషీన్ పక్కింటాయనది. రిటైరైన పైపు వెల్డరు. ఆయన పెట్టిన షరతు ఒకటే. బండికి సంబంధించిన ముక్క ముట్టుకునేముందు తుక్కు ముక్కలు అతికి, వాటిని విరగ్గొట్టి చూపించాలి. రెండు ముక్కల్ని నిలువుగా అడ్డంగా అతికించి, వైస్‌లో బిగించి, సుత్తితో కొట్టడం. పైకి వరసగా నాణేలు పేర్చినట్టు అందంగా కనిపించే వెల్డు ఒకటి నాలుగు దెబ్బలకి అట్టు ఊడొచ్చినట్టు ఊడొచ్చింది. లోపల చూస్తే కింది ప్లేటు అంచు గ్రైండర్ గీతలతో సహా అలాగే ఉంది. అసలు కరగనే లేదు. కరిగిన ఇనుము దాని మీద పడుకుంది, అంతే. వెల్డింగులో భయపడాల్సింది ఇలాంటివాటికే. అసహ్యంగా ఉన్నదాన్ని ఎవరైనా అనుమానిస్తారు, అందంగా ఉన్నదాన్ని నమ్మేస్తారు. ప్లేటు అంచుల్ని ఏటవాలుగా అరగదీసి, కరెంటు పెంచి, నెమ్మదిగా వేస్తే అప్పుడు దెబ్బలకి ప్లేటే వంగింది, వెల్డు ఆగింది. ఆయన తలూపాక అసలు పని మొదలైంది.

కొక్కెం తగిలించే చెవుల దగ్గర ఈ జాగ్రత్తంతా పది రెట్లు. చెవిని ముఖం మీద అతికించి వదిలేస్తే దాని ప్రాణం వెల్డు ఒక్కదాని మీదే ఉంటుంది. అందుకని ముఖానికి కంత కోసి, చెవిని అందులోంచి లోపలికి దూర్చి, ముందూ వెనకా వెల్డు వేసి, వెనక బ్రాకెట్‌కి కూడా కలిపాం. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు సాగిన తాడులో చాలా శక్తి దాగుంటుంది. కట్టిన చోటు ఊడితే ఆ ఇనుపముక్క ఫిరంగిగుండులా వస్తుంది. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి బంతికి తాడు కట్టి లాగితే బంతి విరిగి, ఎదుటి బండి అద్దంలోంచి దూసుకెళ్ళి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. తాడుకి అవతలి కొసన ఉండేది సాయం చెయ్యడానికి ఆగిన మనిషి.

ఇక మా ఆవిడ ప్రశ్న. బేలా బరేని అనే ఇంజనీరు మెర్సిడెస్ కోసం పనిచేస్తూ, కారు ముందూ వెనకా నలగాలి, మధ్యలో మనుషులుండే గది నలగకూడదు అని 1950ల మొదట్లోనే పేటెంటు తీసుకున్నాడు. 1959లో ఆ పద్ధతిలో కార్లు బయటికొచ్చాయి. అంతకుముందు దాకా గట్టి కారే మంచి కారని అందరి నమ్మకం. నలిగే భాగం ముందు వంగని ఇనుము పెడితే దెబ్బ మాయమవదు. వెనక పట్టాలకో, లోపలి మెడలకో, ఎదురుగా ఉన్నవాళ్ళకో వెళుతుంది. ఎదురుగా ఉన్నది మనిషయితే ఆ మనిషికే.

మన దేశంలో 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ కార్లకి బుల్ బార్లు, క్రాష్ గార్డులు బిగిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. అంతకుముందు మన ఊళ్ళలో తెల్ల స్కార్పియోలకి ఆ మెరిసే గొట్టాలు ఒక హోదా. వాటిని చూడగానే దారి ఇచ్చేవాళ్ళం. అమెరికాలో కార్ల బంపర్లకి ఎత్తు నియమం ఉంది, నేలనించి 16 నుంచి 20 అంగుళాలు. అది జీపులకీ పికప్ ట్రక్కులకీ వర్తించదు. నేను చేసింది ఇక్కడ తప్పేమీ కాదు. కానీ ఈ బండి మస్కీటో పాస్ ఎక్కేది ఏడాదికి రెండుసార్లు. మా వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే వాళ్ళ మధ్య నుంచి వెళ్ళేది రోజూ. వచ్చే ఏడాది నుంచి దాన్ని నడిపేది పదహారేళ్ళ పిల్ల.

బొమ్మలో మొదట గ్రిల్లు ముందు పైకి లేచే గొట్టం ఉండేది. అది పిల్లల ఛాతీ ఎత్తు. అట్టల దశలోనే తీసేశాం. మూలలు ముందుకి పొడుచుకు రాకుండా ముఖాన్ని ఇరుకుగా చేసి, చివర్లు వెనక్కి వాల్చి, అంచులన్నీ గుండ్రంగా అరగదీశాం. బండి వెడల్పులో మిగిలిన రెండు పక్కలా ఇనుము లేదు. కొక్కెం చెవులు తప్ప ముందుకి వచ్చేదేదీ లేదు. కొక్కేలు కూడా అవసరం లేనప్పుడు విప్పి డిక్కీలో ఉంటాయి. దీంతో గుద్దుకుంటే ఏమీ కాదని నేనను. కంపెనీ బంపర్ కన్నా ఇది గట్టిది, ఆ గట్టిదనానికి వెల ఉంది. బండి వేగం ఆ లెక్కలో భాగమని అమ్మాయికి చెప్పాను. వీధిలో ఇరవై మైళ్ళు దాటకూడదనేది బంపర్‌తో పాటు వచ్చిన షరతు.

పోయిన చలికాలం జార్జ్‌టౌన్ పైన మంచులో ఒక చిన్న కారు కాలవలోకి జారింది. లోపల ముసలి దంపతులు. మా చెవికి కొక్కెం, కొక్కేనికి సాగే తాడు, తాడు నడుమ ఓ తడి దుప్పటి, ఊడితే ఎగరకుండా. అందర్నీ దూరంగా నిలబెట్టి, రివర్స్‌లో మెల్లగా లాగాను. రెండోసారికి కారు రోడ్డెక్కింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపుతుంటే నా కళ్ళు మాత్రం చెవి చుట్టూ ఉన్న నల్లరంగు మీదే ఉన్నాయి. రంగు పగల్లేదు.

వెల్డు దగ్గర ఇనుము కదిలితే ముందు రంగు వెంట్రుకంత పగులుతుంది, ఆ పగుల్లోంచి తుప్పు గీత దిగుతుంది. అందుకే ఏటా మంచు కరిగాక ఓ పూట దీనికి కేటాయిస్తాం. ప్రతి బోల్టు మీదా, పక్క ప్లేటు మీదా కలిపి తెల్లరంగుతో ఒక గీత గీసుంటుంది. బోల్టు వదులైతే గీత రెండుగా విడిపోతుంది. ఈ మార్చిలో ఆ పని అమ్మాయికి అప్పజెప్పాను. టార్చి పట్టుకుని బండి కింద పడుకుని, డ్రైవరు వైపు నించి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్తుంటే, నేను బయట కూర్చుని పుస్తకంలో టిక్కులు పెట్టాను. వెనక బ్రాకెట్‌లో ఒక గీత కొంచెం తేడాగా ఉందంది. రెంచి పెట్టి బిగించి, పాత గీత గోకేసి, కొత్తది తనే గీసింది.