తమ్మీ, క్యాబ్ కావాల్నా?

పోయిన డిసెంబర్‌లో మామ మూడేళ్ల తర్వాత దుబాయ్ నుంచి వచ్చాడు. తీసుకురావడానికి శంషాబాద్ వెళ్లింది నేనే. జేబీఎస్‌కి పోయి కరీంనగర్ బస్సు ఎక్కాలి. ఆర్టీసీ పుష్పక్ అక్కడికే పోతుంది, కానీ రెండు పెద్ద అట్టపెట్టెలు, మామకి నిద్ర లేదు. యాప్‌లో 1,200 చూపిస్తోంది.

"తమ్మీ, క్యాబ్ కావాల్నా? జేబీఎస్ 800" అంటూ ఒకతను మా ట్రాలీ తోసుకుంటూ పోయాడు. కారుకి తెల్ల నంబర్ ప్లేట్. ట్యాక్సీకి పసుపుది ఉంటుందని నాకు తెలుసు. అయినా ఎక్కాను. 400 మిగిలాయన్న సంతోషం!

ఆరాంఘర్ దగ్గర బండి పక్కకి ఆపాడు. "800 ఒక్కరికి. లగేజ్ వేరే. లేకుంటే ఇక్కడ్నే దిగుండ్రి." రాత్రి ఒంటిగంట. యాప్ బండి అయితే డ్రైవర్ పేరు, ట్రిప్ రికార్డు ఉండేవి. ఇప్పుడు నా దగ్గర ఏముంది? కనీసం నంబర్ కూడా ఫొటో తీయలేదు. సీఎస్ఈ సెకండియర్!

మామ మాట్లాడకుండా 2,500 ఇచ్చాడు. బస్సులో మాత్రం అన్నాడు, "దుబాయ్‌ల మూడేండ్లు మీటర్ లేని బండి ఒక్కటి ఎక్కలే. ఈడ తమ్మీ అన్నడు, ఎక్కినం."

ఇంటికెళ్లాక అమ్మ అడిగింది, క్యాబ్‌కి ఎంతయింది అని.

"800" అన్నాడు మామ, నా వైపు చూడకుండా.