నాన్న, నేను, ఒక సెకండ్ హ్యాండ్ క్రెటా

మెకానికల్ మూడో సంవత్సరం అంటే మా ఊళ్లో భలే గౌరవం. పొలంలో మోటారు ఆగినా, వంటింట్లో మిక్సీ ఆగినా నన్నే పిలుస్తారు. ఇంజన్‌ని మనం ఎక్కువగా చూసింది పుస్తకంలో బొమ్మగానే అని వాళ్లకి తెలీదు. అందుకే 2025 సంక్రాంతి సెలవుల్లో మా నాన్న "కారు చూడ్డానికి పోదాం, నువ్వు కూడా రా" అన్నప్పుడు నేను నిజం చెప్పలేదు. పైగా సంబరపడ్డాను.

మాది ప్రత్తిపాడు వైపు. నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిందే. నాయనమ్మ మోకాళ్ల కోసం నెలకి రెండుసార్లు గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆటోలో వెళ్తే వైద్యం వెళ్లే దారిలోనే అరిగిపోతుంది. చిన్న కారుకి మా డొంకలో అడుగు తగులుతుంది. కాబట్టి కాస్త ఎత్తుగా ఉండే డీజిల్ బండి కావాలి. బడ్జెట్ ఎనిమిది లక్షలు.

ఆ ఎనిమిది లక్షలు కోల్డ్ స్టోరేజిలో దాచిన తేజ మిర్చి. రెండేళ్ల కింద క్వింటా ఇరవై వేలు దాటిన సరుకు. ఇంకా పెరుగుతుందని నాన్న ఆగాడు, అది దిగుతూ పోయింది. (ఆ ఫిబ్రవరికి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిందంటే చూడండి.) ఇంకా పడకముందే అమ్మేసి తెచ్చిన డబ్బు అది. అందులో సగం చెల్లి ఇంజనీరింగ్‌కి అని అమ్మ లెక్క. కారు కావాలన్నది నాయనమ్మ కోసం కాబట్టి అమ్మ ఏమీ అనలేదు.

గుంటూరు దగ్గర హైవే పక్కన ఒక షెడ్డు. తెల్ల క్రెటా, 1.6 డీజిల్, 2019 డిసెంబరు బండి, 58 వేల కిలోమీటర్లు. రేటు మిగతా చోట్ల కంటే దాదాపు లక్ష తక్కువ. ఆ లక్ష చూసే నేను ముందురోజు రాత్రి నాన్నకి చెప్పకుండా ఐదు వేలు ఫోన్‌లో టోకెన్ కొట్టేశాను. బండి చెయ్యిజారకూడదని.

నేను చాలా పద్ధతిగా చూశాననే ఇప్పటికీ అంటాను. స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పాను, ఎందుకంటే చల్లని ఇంజన్ అబద్ధం చెప్పదు. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. రెండూ లేవు. ఆయిల్ మూత తీసి చూశా, అడుగున మజ్జిగ లాంటి నురగ లేదు. టైరు పక్కన నాలుగంకెలు చూశా: 4319, అంటే 2019లో 43వ వారం. బండితో వచ్చిన టైర్లే. కాబట్టి కిలోమీటర్లు తిప్పి ఉండరు అనుకున్నా. బానెట్ కింద ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెక్కుచెదరలేదు, అంటే గుద్దుకున్న బండి కాదు. సీనియర్ దగ్గర అప్పు తెచ్చిన స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ కోడ్ లేదు. మానిటర్లు కొన్ని మాత్రం 'నాట్ రెడీ' అన్నాయి. కోడ్లు ఈమధ్యే చెరిపేసినా అలాగే వస్తుంది, బ్యాటరీ తీసి పెట్టినా అలాగే వస్తుంది. బ్యాటరీ అయ్యుంటుందిలే అనుకున్నా. ఏటుకూరు వైపు ఒక రౌండ్ తిప్పాను. వెన్నలా పోయింది.

ఇంకొకటి. 2019లో మన రాష్ట్రంలో జిల్లాతో పనిలేకుండా కొత్త బళ్లకి ఏపీ 39 సిరీస్ మొదలైంది. ఏపీ 07 అయితే గుంటూరు, 16 అయితే కృష్ణా అని నంబరు చూసి చెప్పే రోజులు పోయాయి. అందుకని యాప్‌లో ఆర్సీ తెరిచి చూశా. ఫస్ట్ ఓనర్, ఫైనాన్స్ లేదు, రిజిస్ట్రేషన్ విజయవాడ. ఆ చివరి మాట కూడా చదివాను. చదివి వదిలేశాను.

నేను ఇంజన్ దగ్గర తిరుగుతున్నంతసేపూ నాన్న అటు రానే లేదు. మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ పైన ఉన్న కాయల వంక చూడడు. కోత పెట్టి మధ్యలోంచి గుప్పెడు లాగి, తాలు ఎంత, తడి ఎంత అని చూస్తాడు. ఇన్నేళ్లూ ఆ చూపు భరించినవాడు మా నాన్న. తలుపు తీసి తల లోపల పెట్టాడు. "సెంటు బిళ్లలు మూడెందుకయ్యా?" అన్నాడు. తర్వాత డిక్కీ తీయించి, అడుగున స్టెప్నీ బయటికి తీయించి, ఆ గుంట మూలలో వేలు పెట్టి గీకాడు. వేలికి అంటిన పొడిని కాస్త తడిచేసి రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"ఒరే, ఇది మన మట్టి కాదు. ఒండ్రు."

అప్పుడు వెలిగింది నాకు. విజయవాడ. 2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా హాస్టల్లో అందరం ఫోన్లలో చూశాం, ఇళ్ల ముందు కార్ల పైకప్పులు మాత్రమే కనపడటం. నేను వెళ్లి డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగాను. మొదటి మూరెడు శుభ్రంగా కడిగి ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివర అడ్డంగా టీ మరక లాంటి గీత.

"వాననీళ్లు దిగాయి బాబాయ్, అద్దం మర్చిపోయారంట" అన్నాడు షెడ్డు అబ్బాయి.

"వాన పైనుంచి పడిద్ది గదయ్యా. ఇది కిందనుంచి వచ్చింది."

మునిగిన బండి ఆ రోజుకి బాగానే నడుస్తుంది, అదే దానితో చిక్కు. కార్పెట్ కింద వైర్లు, కనెక్టర్లు మెల్లగా చిలుము పడతాయి. ఎయిర్ బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేరు దగ్గర నేల మీదే ఉంటుంది. ఆరునెలలకో ఏడాదికో అది పనిచేయాల్సిన క్షణంలో పనిచేయకపోతే ఎవర్ని అడుగుతాం? కాబట్టి చూడ్డానికి వెళ్లేవాళ్లు సీట్ల కింద బోల్టులకి తుప్పు ఉందేమో చూడండి, హెడ్‌లైట్ లోపల చెమ్మ చూడండి, ఇన్సూరెన్స్ క్లెయిములేమైనా ఉన్నాయా అని అడగండి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఇంజన్ దగ్గరే నిలబడ్డాను, ఎందుకంటే నాకు బాగా వచ్చింది అదే.

టోకెన్ వెనక్కి రాలేదు. "రిఫండబుల్ కాదని చెప్పా గదా" అన్నాడు. చెప్పలేదు. తిరుగు బస్సులో నాన్నకి ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఒకటి రెండు నిమిషాలు లెక్క వేసుకుని, "ఒక టిక్కీ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు పక్క చేలల్లో కూలీలు వంగి మిర్చి కోస్తున్నారు. నాకు తిట్టుంటే బాగుండేదనిపించింది.

మే నెలలో నరసరావుపేటలో ఒక రిటైర్డ్ టీచర్ గారి దగ్గర 2017 బండి కొన్నాం, నలభై వేలు ఎక్కువకే. బిల్లులన్నీ తేదీల వరసన ఫైల్లో పెట్టి ఇచ్చారు ఆయన. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. ఆయన నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితోపాటు మనకి రాదని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నాన్న ఎవరి కారు ఎక్కినా సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తున్నాడు. పెట్టుకోడానికి కాదు. మొన్న పెళ్లిలో వియ్యాలవారి కొత్త బండిలో కూడా లాగాడు, అమ్మ మోచేత్తో పొడుస్తున్నా.