అపరాధ పరిశోధక నవలలను గూర్చి మా యభిప్రాయము

సెలవులలో చదివిన పుస్తకములను గూర్చి నాలుగు మాటలు వ్రాయుడని ఈ సంచిక సంపాదకులు మమ్ము కోరిరి. గత వేసవిలో మేము చదివినవి ఆరు పుస్తకములు. అందైదు అపరాధ పరిశోధక గ్రంథములు. ఈ మాట విని మా పూర్వ విద్యార్థులు నవ్వుదురేమో! ఏలయన, ఇట్టి పుస్తకములను వారి చేతులనుండి లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసిన ఉపాధ్యాయులము మేమే.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్న దినములనుండియు మాకొక దృఢమైన నమ్మక ముండెను. దొంగల కథలు చదువు బాలుడు దొంగతనము నేర్చునని తల్లిదండ్రుల సభలలో పలుమారు చెప్పియుంటిమి. అట్టి పుస్తక మొక్కటియైన మేము మొదటినుండి తుదివరకు చదివి యెరుగము. చదువకయే తీర్పు చెప్పితిమి. ఆ తీర్పు వలన ఒక బాలునికి జరిగిన అన్యాయమును ముందుగా చెప్పి, పిమ్మట పుస్తకముల సంగతి చెప్పెదము.

గత ఫిబ్రవరి మాసమున, తొమ్మిదవ తరగతిలో లెక్కలు చెప్పుచుండగా, వసతి గృహమున నుండు ఒక బాలుడు లెక్కల పుస్తకము చాటున మరియొక పుస్తకము చదువుచు మా కంట బడెను. అది కొమ్మూరి సాంబశివరావు గారు వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ కథలలో నొకటి. అట్ట చినిగి, పేరుకూడ పోయియున్నది. దానిని తీసికొంటిమి. ఆనాడే నాగార్జునకొండ విహారయాత్రకై పిల్లలు తెచ్చిన పండ్రెండు వందల రూపాయలు కవరులో పెట్టి మా బల్లమీద నుంచితిమి. సాయంకాలము చూడగా కవరు లేదు.

అపరాధ పరిశోధనము నేరమనుకొన్న మేమే ఆ దినమున పరిశోధకుల మైతిమి. ఆ బాలుడు బీదవాడు. యాత్రకు సొమ్ము ఇంకను చెల్లింపలేదు. విరామ సమయమున ఒంటరిగా తరగతిలోనికి పోయినట్లు ఇద్దరు చెప్పిరి. అన్నిటికి మించి, దొంగల పుస్తకములు చదువువాడు. ఇంతకంటె ఆధారము లేమి కావలెను? తోడి విద్యార్థులందరు చూచుచుండగా వాని పెట్టె తెరిపించితిమి. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, తల్లి వ్రాసిన ఉత్తరములు తప్ప మరేమియు లేవు. సొమ్ము దొరకకపోవుటయే వాని గడుసుదనమునకు నిదర్శనమని తలంచితిమి. ఆ సొమ్ము మేమే కట్టితిమి. శిక్ష ఏమియు వేయలేదు గాని, ఆ బాలుడు యాత్రకు రాలేదు. ఆ పిమ్మట భోజనశాలలో వాని ప్రక్కన కూర్చుండుటకు కొందరు వెనుదీసిరని తరువాత వింటిమి.

మే నెలలో బీరువా సర్దుచు ఆ పుస్తకమును ఇంటికి తెచ్చితిమి. ఒకనాటి మధ్యాహ్నము ఎండకు బయటికి పోలేక దానిని తెరచితిమి. నలుబది పుటలు దాటునప్పటికి, పుటల నడుమ కవరు! పండ్రెండు నోట్లును అందే యున్నవి. అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. గంట కొట్టగా, కవరు ఎగిరిపోవునను భయముతో చేతనున్న పుస్తకములో దానిని దోపి, పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసినది మేమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అట్టి పుస్తకములు నిజముగా ఏమి నేర్పునో తెలిసికొనవలెనని నిశ్చయించుకొంటిమి. యుగంధరును, అతని సహాయకుడు రాజును అపరాధిని పట్టుకొనువరకు ఆ పుస్తకమును విడువలేదు. భాష సరళము, కథ పరుగెత్తును. దొంగతనము నేర్పు మాట అం దొక్కటియు కానరాలేదు. తొందరపడి నిర్ణయింపరాదని నేర్పు మాటలు మాత్రము కలవు.

రెండవది, విల్కీ కాలిన్స్ అను ఆంగ్ల రచయిత 1868లో ప్రచురించిన 'ది మూన్‌స్టోన్'. ఇది మన దేశముతో సంబంధము గల కథ. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన నాడు ఒక ఆంగ్ల సైనికోద్యోగి దేవతా విగ్రహమునకు చెందిన వజ్రమును దోచుకొనును. పిమ్మట అది యార్క్‌షైరులోని ఒక కన్యకు జన్మదిన కానుకగా వచ్చి, ఆ రాత్రియే మాయమగును. అందరి చూపును ఎవరిమీదకి పోవును? ఊరిలో తిరుగు ముగ్గురు భారతీయులమీదకి. ఒకప్పుడు దొంగయై, చెరసాలనుండి వచ్చి, ఇప్పుడు నమ్మకముగ పని చేయుచున్న రోజన్నా అను గూని పరిచారికమీదకి. గులాబీలయందు ప్రీతిగల సార్జెంట్ కఫ్ అను గొప్ప పరిశోధకుడుకూడ ఇందు పొరబడును. కథను ఒక్కరే చెప్పరు. ముసలి గృహనిర్వాహకుడు, బంధువులు, వకీలు, తమతమ కంటికి కనబడినంత మాత్రమే ఒక్కొక్కరు చెప్పుదురు. ఏ సాక్షియు అబద్ధ మాడడు. ఏ సాక్షికిని నిజము పూర్తిగా తెలియదు.

ఇందలి రహస్యములో సగము చెప్పక తప్పదు, చదువరులు క్షమింతురు గాక. దొంగను పట్టుకొనుటకై అందరికంటె ఎక్కువ శ్రమించిన యువకుడు తుదకొక వస్త్రమును కనుగొనును. దానిమీద వ్రాసియున్న పేరు అతనిదే! తనకు తెలియకయే వజ్రమును తీసినవాడు తానే. ఆ పుట చదివినప్పుడు మా చేతిలోని పుస్తకము వణకినది. వజ్రము అతని చేతినుండి ఎవరి చేతికి పోయినదో మాత్రము మేము చెప్పము. పెద్దమనుష్యులని పేరుపొందినవారిని గూర్చియు కొంత ఆలోచింపవలసి యుండునని మాత్రము చెప్పెదము.

కానన్ డాయిల్ వ్రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' 1901, 1902 సంవత్సరములలో స్ట్రాండ్ పత్రికలో భాగములుగా వెలువడినది. దయ్యపు కుక్కయని జనులు వణకుచుండగా, షెర్లాక్ హోమ్స్ దాని వెనుకనున్న మనుష్యుని వెదకును. వసతి గృహము వెనుకనున్న చింతచెట్టును చూచి భయపడు చిన్నవారు దీనిని పగటిపూట చదువుట మంచిది. అయితే ఆయన 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో అండమాన్ ద్వీపవాసిని మృగమువలె వర్ణించుట మాకు రుచింపలేదు. సూక్ష్మదృష్టి గలవారుకూడ మనుష్యుని మనుష్యునిగా చూడలేకపోవుట కలదు.

అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' తుది పుటలు చదివి మేము కోపించితిమి. మోసపోతిమని మరల మొదటినుండి చదివితిమి. చదువగా, రచయిత్రి ఆధారములను దాచలేదు, మేమే గమనింపలేదని తేలినది. ఈ జాతి పుస్తకములందు ఒక దోషము మాత్రము కలదు. చచ్చినవాని కొరకు ఏడ్చువారు తక్కువ. మరణము ఒక చిక్కులెక్క యగును.

ఆ దోషమును చెస్టర్‌టన్ సృష్టించిన ఫాదర్ బ్రౌన్ కొంత తీర్చును. ఆయన కథల మొదటి సంపుటము 1911లో వచ్చినది. గొడుగు చేత బట్టిన ఈ పొట్టి గురువును చూచి లోకము అమాయకు డనుకొనును. ఆయన అపరాధిని దూరమునుండి పురుగును చూచినట్లు చూడడు. ఆ పాపము తన హృదయములోనుండియే ఎట్లు పుట్టగలదో ఆలోచించును. ఫ్లాంబో అను గజదొంగ ఈయన స్నేహమువలన మారి, తానే పరిశోధకు డగును. మా కన్నిటికంటె నచ్చిన దిదియే.

ఆరవది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఇది చెరసాలలో వ్రాయబడి 1922లో వెలువడి, ప్రభుత్వముచే నిషేధింపబడిన నవల. ఇది పరిశోధక నవల కాదు. సంగదాసును చంపిన దెవరో చదువరికి తెలియును. తెలిసియు న్యాయము జరుగదేమి యనునదే ప్రశ్న. తక్కిన యైదింటికిని ఈ ప్రశ్న తోచలేదు. అందుచే వానిని చదివినవారు దీనినికూడ చదువవలెను.

జూన్ నెలలో పాఠశాల తెరచిన దినమున, పదవ తరగతికి వచ్చిన ఆ బాలుని తోడివారి యెదుటనే నిలిచి, జరిగిన దంతయు చెప్పి క్షమాపణ కోరుకొంటిమి. నిందవేసినది అందరి యెదుట గనుక, తప్పు ఒప్పుకొనుటయు అందరి యెదుటనే కావలెను. వాడు చాలసేపు తల వంచుకొని నిలిచి, “మాస్టారూ, ఆ పుస్తకము మా మామయ్యది. తిరిగి యిచ్చెదరా?” అని మాత్ర మడిగెను. ఇచ్చితిమి. ఇప్పుడు భోజనశాలలో వాని ప్రక్కన స్థలము దొరకదని విని సంతసించితిమి. పోయిన నాగార్జునకొండ యాత్రను మాత్రము తిరిగి యియ్యలేము.

తల్లిదండ్రులకు మా మనవి: బిడ్డ చేతిలోని పుస్తకమును నిందించుటకు ముందు పది పుటలు మీరు చదువుడు. విద్యార్థులకు మా మాట: ఏ పుస్తకమైనను చదువుడు, లెక్కల గంటలో మాత్రము వలదు. ఇకమీదట తీసికొన్న పుస్తకములను వారము దినములలో తిరిగి యిచ్చెదము. ఆ వారములో వానిని మేము చదువుదుము.